గోడ దాటిన గంట
ఆచార్య జగదీశచంద్ర బోసు జీవితం - ఒక పరిశీలన

గౌతమికీ వసిష్ఠకీ నడుమ, సముద్రానికి ఎదురుగా ఉన్న మన కోనసీమ వాసులకు దూరమంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. రేవులో నిలబడి అవతలి ఒడ్డున ఉన్న పంటు వాణ్ణి కేకేసిన వారికి ఒక సంగతి అనుభవపూర్వకంగా తెలుసు. కేక వేయడం ఒక ఎత్తు, అది చేరడం ఇంకో ఎత్తు. గాలి ఎదురైతే చేరదు, ఇంజను మోగుతుంటే చేరినా వినపడదు. మనిషి కాబట్టి మళ్లీ పిలుస్తాడు, చెయ్యి ఊపుతాడు, ఎలాగో ఒకలాగు పని గడుపుకుంటాడు. అవతల ఉన్నది మనిషి కాక ఒక యంత్రమైతే? గ్యాసు గొట్టం మీది వాల్వో, చెరువు గట్టున మోటారో, సైరనో అయితే? దానికి మన పిలుపు ఎంత బలంగా చేరుతున్నదో ముందుగా కొలిచి తెలుసుకోవాలి తప్ప వేరే దారి లేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండడం చూసిన ప్రాంతం మనది. 2014 జూన్ 27న నగరంలో గ్యాసు పైపులైను పేలుడు చూసిన ప్రాంతం మనది. ఆ ప్రమాదాల కారణాలు వేరు కావచ్చు. అయినా దూరాన ఉన్న యంత్రం చెప్పిన క్షణాన చెప్పినట్లు వినడమంటే ఎంత విలువైన విషయమో మనకు ఇంకొకరు ఉపన్యాసం చెప్పనవసరం లేదు.

తీగ లేకుండా దూరాన ఉన్న వస్తువు చేత పని చేయించి, నలుగురి ఎదుటా నిరూపించిన తొలి వ్యక్తులలో ఒకరు భారతీయుడు. ఆయనే ఆచార్య జగదీశచంద్ర బోసు. మొక్కలకు ప్రాణముందని కనిపెట్టిన వాడని చిన్న తరగతుల్లో ఒక్క ముక్కలో చదువుకుని మనం ఆయనను వదిలేస్తాం. నిజానికి ఆ మొక్కల దగ్గరకు ఆయన వెళ్లిన దారి రేడియో సంకేతాల బలాన్ని కొలిచే పని మీదుగానే సాగింది. ఆ దారిని ఒకసారి నెమరు వేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బాల్యం - విద్యాభ్యాసం

బోసు 1858 నవంబరు 30న నేటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర బోసు ఫరీద్‌పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ రోజుల్లో ఆ హోదాలో ఉన్న తండ్రులంతా పిల్లలను ఇంగ్లీషు బడికి పంపేవారు. భగవాన్ చంద్ర మాత్రం పట్టుబట్టి కొడుకును మాతృభాషలో చదువు చెప్పే పల్లెటూరి పాఠశాలలో చేర్పించారు. అక్కడ ఒక పక్క జాలరి కొడుకు, మరో పక్క తన తండ్రి కచేరీలో పనిచేసే బంట్రోతు కొడుకు. వాళ్లు చెప్పే చేపల సంగతులు, నీటి సంగతులు, పిట్టల సంగతులు వింటూ ప్రకృతి పట్ల కుతూహలం పెంచుకున్నాడు పిల్లవాడు. తెలుగు మీడియంలో చదివి కాలేజీకి వచ్చి బెదిరిపోయే మన మిత్రులు ఈ విషయం గుర్తుంచుకుంటే మంచిది.

1869లో కలకత్తా సెయింట్ జేవియర్స్‌లో చేరారు. అక్కడి ఫాదర్ లఫాఁ భౌతికశాస్త్రాన్ని ప్రయోగాలు చేసి చూపిస్తూ బోధించేవారు. చేసి చూపించినదే శాస్త్రం అన్న సంస్కారం బోసుకు అక్కడే అబ్బింది. 1880లో వైద్యం చదవడానికి లండను వెళ్లారు. అప్పటికే ఒంట్లో ఉన్న జ్వరం, శవపరీక్ష గది వాసన రెండూ కలిసి ఆరోగ్యాన్ని దెబ్బ తీయగా, వైద్యం మాని కేంబ్రిడ్జిలోని క్రైస్ట్స్ కాలేజీలో ప్రకృతి శాస్త్రాలు చదివారు. అక్కడ లార్డ్ రేలీ ఆయనకు గురువు. 1884లో కేంబ్రిడ్జి పట్టం పుచ్చుకుని స్వదేశం చేరారు.

జీతం ముట్టని మూడేళ్లు

1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు ఆచార్యుడిగా నియామకం దొరికింది. కానీ ఏం లాభం! అదే ఉద్యోగానికి ఐరోపా వారికి ఇచ్చే జీతంలో భారతీయులకు మూడింట రెండు వంతులే. పైగా ఈయనది తాత్కాలిక నియామకమని అందులోనూ సగం కోత. అంటే తెల్లవాడు మూడు రూపాయలు తీసుకునే చోట ఈయనకు ఒక్క రూపాయి అన్నమాట.

బోసు గొడవ పెట్టుకోలేదు, ఉద్యోగం మానలేదు. జీతం మాత్రం ముట్టుకోలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, మూడేళ్ల పాటు పాఠాలు చెబుతూనే ప్రతినెలా చెక్కును తిప్పి పంపించారు. ఇంటి పరిస్థితి చూస్తే, ప్రజల మేలు కోరి తండ్రి తలపెట్టిన వ్యాపారాలు దెబ్బతిని అప్పులు మిగిలి ఉన్నాయి. 1887లో అబలాదేవిని వివాహమాడారు. ఆమె కూడా సామాన్యురాలు కాదు. కలకత్తాలో ఆడపిల్లలకు వైద్య విద్య లేని రోజుల్లో మద్రాసు వచ్చి వైద్య కళాశాలలో చదివిన ధీర. అనారోగ్యం వల్ల ఆ చదువు పూర్తి కాలేదు గానీ, తరువాతి కాలంలో స్త్రీవిద్య కోసం ఎంతో కృషి చేశారు. చివరకు కాలేజీ అధికారులే దిగివచ్చారు. పూర్తి జీతంతో, పాత బకాయిలతో సహా చెల్లించారు. ఆ సొమ్ము తండ్రి అప్పులు తీర్చడానికి ఉపయోగపడింది.

24 చదరపు అడుగుల ప్రయోగశాల

1888 నాటికి జర్మనీలో హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలను ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. 1894 జనవరి 1న ముప్పయ్యారేళ్లకే కన్నుమూశాడు. ఆ సంవత్సరమే ఇంగ్లండులో ఆలివర్ లాడ్జి ఆ తరంగాల గురించి ఉపన్యసించాడు. ఆ వివరాలు చదివిన బోసులో కొత్త సంకల్పం కలిగింది. 1894 నవంబరు 30, తన ముప్పయ్యారవ పుట్టినరోజున, ఇకమీదట పరిశోధనకే అంకితమవుతానని నిశ్చయించుకున్నారు.

కాలేజీలో ప్రయోగశాల అనదగ్గది లేదు. ఒక స్నానాల గది పక్కన 24 చదరపు అడుగుల ఇరుకు చోటు దొరికింది. మన ఇళ్లలో కొబ్బరికాయలు పోసుకునే కొట్టు గది దానికంటే పెద్దది! సహాయకుడంటే ఒక రేకుల పనివాడు. పగలంతా పాఠాలు, మిగిలిన వేళ ప్రయోగాలు. ప్రభుత్వం డబ్బిచ్చే వరకు ఆగకుండా తన జీతంలోంచే ఖర్చు పెట్టారు.

హెర్ట్జ్ తరంగాలు పొడవైనవి, వాటితో ప్రయోగం చేయాలంటే పెద్ద పెద్ద హాళ్లు కావాలి. బోసు తెలివంతా ఇక్కడే ఉంది. గది పెద్దది చేయడం మన చేతుల్లో లేనప్పుడు తరంగాన్నే చిన్నది చేస్తే సరి! అయిదు మిల్లీమీటర్ల పొడవుగల తరంగాలను సృష్టించి, బల్ల మీద పట్టేటంత పరికరంతో ప్రయోగాలు జరిపారు. నేటి లెక్కలో అది సుమారు 60 గిగాహెర్ట్జ్. ఇప్పుడు మిల్లీమీటరు తరంగాలంటూ 5జి కోసం ప్రపంచమంతా మాట్లాడుతున్నది ఈ కుటుంబానికి చెందిన తరంగాల గురించే. తరంగాలను ఒక దిక్కుకు నడిపించే కొమ్ము ఆకారపు గొట్టాలు, వాటిని వంచే పట్టకాలు, వడకట్టే జాలీలు అన్నీ ఆయన స్వయంగా చేయించుకున్నవే. రైల్వే టైంటేబులు పుస్తకం కాగితాల మధ్య తగరపు రేకులు పెట్టి ధ్రువణకారిగా వాడారు. పేనిన జనపనారతో తరంగం కంపించే దిశను తిప్పి చూపించారు. ఖరీదైన పరికరాలు లేవని ప్రాక్టికల్సు ఎగ్గొట్టే వాళ్లకు ఇంతకంటే సమాధానం ఏం కావాలి? 1895 మే నెలలో ఆయన తొలి పత్రం బెంగాల్ ఏషియాటిక్ సొసైటీలో వెలువడింది. 1896లో లండను విశ్వవిద్యాలయం డి.ఎస్.సి. పట్టమిచ్చి గౌరవించింది.

టౌన్ హాలులో గంట

1895లో కలకత్తా టౌన్ హాలులో బోసు చేసిన ప్రదర్శన చరిత్రకెక్కింది. సభకు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు హాజరయ్యారు. ఒక గదిలో స్పార్కు పుట్టించే పరికరం. గోడలు దాటి, సుమారు 75 అడుగుల దూరంలో, మూసి ఉన్న మరో గదిలో గ్రాహక యంత్రం. మధ్య తీగ లేదు. ఇక్కడ మీట నొక్కగానే అక్కడ గంట మోగింది, పిస్తోలు పేలింది, కాస్త మందుగుండు భగ్గుమంది. దారిలో కూర్చున్న గవర్నరుగారి భారీ విగ్రహం కూడా ఆ తరంగాలకు అడ్డు కాలేదు.

దీన్ని మనం వైర్‌లెస్ వార్త అని మాత్రమే అనుకుంటున్నాం. నిజానికి అక్కడ వార్త ఏదీ పోలేదు. పోయింది ఒక ఆజ్ఞ. అంటే అది వైర్‌లెస్ కంట్రోలు. అమెరికాలో నికోలా టెస్లా రేడియోతో బొమ్మ పడవను నడిపి చూపినది దీని తరువాత మూడేళ్లకు, 1898లో.

ఆ గంట ఎలా మోగిందో చూడండి. గ్రాహకంలో ఉన్నది కోహెరర్ అనే సాధనం. మామూలు వేళల్లో దాని నిరోధం ఎక్కువ, కరెంటు పోనివ్వదు. తరంగం తగలగానే నిరోధం పడిపోతుంది. బ్యాటరీ కరెంటు ప్రవహించి రిలేను లాగుతుంది, రిలే గంటను కొడుతుంది. గంట మోగించే శక్తి తరంగం తెచ్చినది కాదు, అక్కడే ఉన్న బ్యాటరీది. తరంగం చేసిందల్లా తలుపు గడియ తీయడమే. గడియ తీయడానికి కావలసిన కనీస బలం తరంగానికి ఉంటే గంట పూర్తిగా మోగుతుంది, అంతకు వీసమెత్తు తగ్గితే అసలు మోగదు. సగం మోగడం అనేది లేదు.

బలం కొలిచే విద్య

చిక్కంతా ఇక్కడే ఉంది. గంట మోగింది కాబట్టి అంతా బాగున్నట్లే అనుకుంటాం. అది అంచు మీద మోగిందో, దండిగా బలముండి మోగిందో గంట చెప్పదు. అందుకే బోసు తన పరిశోధనలో గంటను నమ్ముకోలేదు. గంట సభలోని వారికి, గాల్వనోమీటరు తనకు. అద్దం మీద పడిన వెలుగుచుక్క స్కేలు మీద ఎంత జరిగిందో చూసి, సంకేతం ఎంతో అంచనా కట్టేవారు.

అప్పటివరకు వాడుకలో ఉన్న కోహెరర్లలో లోహపు రజను ఉండేది. ఒకసారి పనిచేసింది మరొకసారి పనిచేసేది కాదు. బెంగాలు గాలిలోని తేమ ఒకటి దానికి తోడు. మన కోనసీమలోనూ ఇనుప సామాను తుప్పు పట్టడానికి ఎంతసేపు! బోసు ఆ రజను తీసివేసి చిన్న చిన్న ఉక్కు స్ప్రింగులను వరుసగా పేర్చారు. మర తిప్పి వాటి ఒత్తిడిని, బ్యాటరీ వోల్టేజిని సరిచేసుకునే వీలు కల్పించారు. అలా గ్రాహకం ఒక్కలాగే స్పందించేలా చేసిన తరువాతే కొలతలకు దిగారు. కొలబద్ద స్థిరంగా లేనిదే కొలతకు అర్థం లేదు కదా! ఏటవాలుగా తిప్పిన జాలీతో తరంగాన్ని తగ్గించి చూడడం, జాలీలు రెండింటినీ ఒకదానికొకటి అడ్డంగా పెట్టి పూర్తిగా ఆపి చూడడం, మళ్లీ తెరిచి చూడడం. సంకేతాన్ని కావాలని బలహీనపరిచి, ఎక్కడిదాకా తట్టుకుంటుందో తెలుసుకునే పద్ధతి ఇదే.

నేడు వైర్‌లెస్ కంట్రోలు ఏర్పాటు చేసే ఇంజనీరు చేసేదీ సూత్రరీత్యా అదే. బలాన్ని డెసిబెళ్లలో లెక్క కడతాడు. పది డెసిబెళ్లు తగ్గితే బలం పదో వంతుకు, ఇరవై తగ్గితే నూరో వంతుకు పడిపోయినట్లు. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతు, అంటే ఆరు డెసిబెళ్ల నష్టం. మీటరు మైనస్ 70 చూపిన చోటుకన్నా మైనస్ 90 చూపిన చోట సంకేతం నూరు రెట్లు బలహీనం. గ్రాహకానికి కావలసిన కనీస బలం కన్నా మనకు చేరేది ఎంత ఎక్కువ ఉందో, ఆ మిగులే అసలు భరోసా.

ఆ మిగులు మన ప్రాంతంలో ఎందుకు ముఖ్యమో ఊహించండి. వేసవి మధ్యాహ్నం, గాలి లేనప్పుడు పరీక్షించి బాగుందని సంతకం పెడితే చాలదు. కొబ్బరి తోటలు తరంగాన్ని మింగుతాయి. వానకు తడిసిన ఆకులు ఇంకా ఎక్కువ మింగుతాయి. ఏరియల్ ఒకవైపు నిలువుగా, మరోవైపు అడ్డంగా ఉంటే బోసు జాలీల కథే పునరావృతమవుతుంది. బలం ఉన్నా పక్కన మోటారు స్పార్కుల రొద ఎక్కువైతే సంకేతం అందులో మునిగిపోతుంది. కాబట్టి రెండు చివర్లా కొలవాలి, మోటారు ఆపీ కొలవాలి, నడిపీ కొలవాలి, వానలోనూ కొలవాలి. ఇంత చేసినా ఏదో ఒకనాడు సంకేతం తెగనే తెగుతుంది. 1996 నవంబరు 6 తుఫాను నాడు స్తంభాలూ చెట్లూ ఏమయ్యాయో పెద్దలనడగండి. అందుకే సంకేతం తెగిన మరుక్షణం యంత్రం తనంతట తాను అపాయం లేని స్థితికి చేరేటట్లు అమర్చడం ఈ విద్యలో చివరి పాఠం.

పేటెంటు సంగతి

1896లో బోసు ఇంగ్లండు వెళ్లారు. 1897 జనవరి 29న లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన ఇచ్చిన శుక్రవారపు ఉపన్యాసం పండితుల మెప్పు పొందింది. సరిగ్గా ఆ రోజుల్లోనే మార్కొనీ అక్కడ తన వైర్‌లెస్ టెలిగ్రాఫును అధికారులకు చూపుతున్నాడు. ఇద్దరి దారులు వేరు. మార్కొనీ పొడవు తరంగాలతో వార్తను దూరదేశాలకు పంపాలని చూశాడు. బోసు పొట్టి తరంగాలతో ప్రకృతి స్వభావాన్ని తెలుసుకోవాలని చూశారు. 1899లో బోసు ఇనుము, పాదరసాలతో చేసిన కొత్త గ్రాహకాన్ని రాయల్ సొసైటీ ముందు ప్రకటించారు. 1901 డిసెంబరులో అట్లాంటిక్ మహాసముద్రం దాటివచ్చిన సంకేతాన్ని వినడానికి మార్కొనీ వాడినది పాదరసపు కోహెరరే. దానికి మూలం బోసు రచనేనని 1998లో ఒక పరిశోధకుడు అమెరికా ఇంజనీర్ల సంస్థ పత్రికలో సవివరంగా వాదించాడు. రేడియోను బోసే కనిపెట్టారని మనం గొప్పలు పోనక్కరలేదు, మార్కొనీ దొంగిలించాడని తిట్టనక్కరా లేదు. రేడియో ఒక్కరి సొత్తు కాదు. ఆ ఇంటికి వేసిన పునాదిలో బోసు రాళ్లు గట్టివని చెప్పుకుంటే చాలు.

1901లో లండనులో ఒక టెలిగ్రాఫు కంపెనీ యజమాని పేటెంటు తీసుకోమని, లాభంలో వాటా ఇస్తానని ఆశ చూపాడు. బోసు అంగీకరించలేదు. ఒకసారి డబ్బు యావలో పడితే బయటపడలేనన్న భయాన్ని మిత్రుడు రవీంద్రనాథ్ ఠాకూర్‌కు ఉత్తరంలో చెప్పుకున్నారు. తరువాత సారా బుల్, సోదరి నివేదిత పట్టుబట్టగా గెలీనా స్ఫటికంతో చేసిన గ్రాహకానికి అమెరికాలో దరఖాస్తు పెట్టారు. 1904 మార్చి 29న పేటెంటు వచ్చింది. అర్ధవాహక పదార్థంతో చేసిన సాధనానికి దక్కిన తొలి పేటెంట్లలో అది ఒకటి. ఆయన దాని వల్ల కానీ పుచ్చుకోకుండా గడువు తీరిపోనిచ్చారు. ఇది సరైన పనేనా అని మన మిత్రులు వాదించుకోవచ్చు. జ్ఞానం అందరిదీ అనడం ఉదాత్తమే. కానీ ఆ విజ్ఞానం మీద పరిశ్రమ ఇక్కడ లేవకపోవడం దేశానికి నష్టమనడమూ నిజమే. మూడేళ్లు జీతం వదులుకున్నది హక్కు కోసం, పేటెంటు వదులుకున్నది ఆదర్శం కోసం. రెండు చోట్లా ఆయన డబ్బుకు లొంగలేదన్నది మాత్రం నిర్వివాదం.

అలసిన లోహం - స్పందించే మొక్క

గ్రాహకాలను గంటల తరబడి పరీక్షిస్తుండగా బోసుకు ఒక వింత కనిపించింది. ఎక్కువసేపు వాడిన కొద్దీ వెలుగుచుక్క తక్కువ జరుగుతోంది. కాసేపు విశ్రాంతి ఇస్తే మళ్లీ బలం పుంజుకుంటోంది. ఇంకొకరైతే పరికరం పాడైందని పక్కన పడేసేవారు. బోసు ఆ తరుగుదలనే కొలిచి గీతలు గీశారు. ఆ గీతలు అలసిన కండరపు గీతలను పోలి ఉన్నాయి! లోహం, మొక్క, జంతువు వరుసగా పరీక్షించి 1900లో పారిస్ మహాసభలో ఆ పోలికను వివరించారు. 1901లో లండను శరీరశాస్త్ర పండితులు ఎదురు తిరిగారు. భౌతికశాస్త్రజ్ఞుడికి ఇక్కడేం పని అన్న ధోరణి. రాయల్ సొసైటీ పత్రం ప్రచురణ ఆగిపోయింది. 1902లో ఆయనే పుస్తకం వెలువరించారు. ఆ పోలికల్లో కొన్నింటిని తరువాతి శాస్త్రం యథాతథంగా అంగీకరించలేదు. కానీ మొక్కల్లో విద్యుత్ సంకేతాలు ప్రయాణిస్తాయన్న మాట నిలిచింది. మొక్క ఎదుగుదలను వేల రెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ ఆయన నిర్మాణకౌశలానికి శిఖరం. 1919లో మొక్కలు రేడియో తరంగాలకు ఎలా స్పందిస్తాయో కూడా ఆయన ప్రకటించారు. అంటే మొదలుపెట్టిన తరంగాన్ని ఆయన చివరిదాకా వదలలేదు.

1915లో ఉద్యోగ విరమణ చేశారు. 1917లో సర్ బిరుదు వచ్చింది. ఆ ఏడు నవంబరు 30న కలకత్తాలో బోసు విజ్ఞాన మందిరాన్ని స్థాపించారు. 1920లో ఒకప్పుడు తన పత్రాన్ని ఆపిన రాయల్ సొసైటీయే సభ్యత్వమిచ్చింది. 1937 నవంబరు 23న గిరిడీలో పరమపదించారు. 2012లో ఆయన మిల్లీమీటరు తరంగ ప్రయోగాలను అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ చారిత్రక మైలురాయిగా గుర్తించింది.

మనకు మిగిలినది

బోసు తరగతి గదిలోంచి మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోసు, మహలనోబిస్ వచ్చారు. తీగల వెంట, గాలి వెంట ఆజ్ఞలు పంపే విద్య తరువాతి తరాల్లో దేశమంతా పాకింది. వసిష్ఠ అవతలి ఒడ్డున, భీమవరం దగ్గర మోగల్లులో 1914లో పుట్టిన డాక్టర్ ఎ.ఎస్. రావుగారు, 1956లో పనిచేయడం మొదలుపెట్టిన అప్సర అణు రియాక్టరుకు నియంత్రణ వ్యవస్థను తన బృందంతో ఇక్కడే తయారు చేయించారు. 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. స్థాపనకు ఆయనే సారథి. బోసు వదిలేసిన పరిశ్రమ అనే పగ్గాన్ని అందుకున్న చేతుల్లో గోదావరి నీళ్లు తాగిన చెయ్యి కూడా ఒకటుందని మనం ధైర్యంగా చెప్పుకోవచ్చు.

ఈనాడు మన రైతు సెల్‌ఫోను నొక్కి పొలంలో మోటారు వేస్తున్నాడు. అది తిరిగిందో లేదో చూడటానికి ఇంకా గట్టు మీదికి నడిచి వెళ్లేవారూ ఉన్నారు. ఆ నడక తప్పించే బాధ్యత ఫిజిక్సు, ఎలక్ట్రానిక్సు చదివే మనది. కాలేజీ లాబరేటరీలో మీటరు ముల్లు ఊగినప్పుడు, రావలసిన రీడింగు ఫలానా అని పక్కవాడి రికార్డు చూసి రాసేయకుండా, అది ఎందుకు తగ్గిందని ఒక్క క్షణం ఆగి ఆలోచించిన విద్యార్థి ఎవరైనా సరే, బోసుగారి శిష్యపరంపరలో చేరినట్లే. 24 చదరపు అడుగుల చోటు ప్రతి కాలేజీలోనూ ఉంటుంది.